బాకీ తీర్చిన నేరానికి

ఏప్రిల్ 11. నీళ్ళు: అడుగు మెట్టు తడిసింది. అంకె: 704.

ఇది పంపుల పుస్తకం. ఆరు గంటలకోసారి నేలమాళిగలో సముద్రం ఎన్ని మెట్లు ఎక్కిందో, ఏ పంపు ఆడుతోందో, ఏది మొరాయించిందో ఇందులో రాయాలి. కుడివైపు పేజీ గట్టు కంపెనీది, అంటే సముద్రానికి అడ్డుగట్టు కట్టి ఈ మేడలు నడిపేవాళ్ళది. ఎడమవైపు పేజీ ఖాళీగా వదిలెయ్యాలని రూలు. ఎందుకో ఎవరికీ తెలియదు, పందొమ్మిదేళ్ళుగా దాన్ని తిప్పి చూసినవాడూ లేడు. ఈ మేడలో గోడలు వింటాయి, తలుపులు చూస్తాయి, కాగితాన్ని మాత్రం మర్చిపోయారు. అందుకని ఎడమ పేజీలు నేను తీసుకుంటున్నాను. నా పేరు నూకరత్నం. వయసు యాభై మూడు. ఆరో మేడలో పంపుల మెకానిక్‌ని.

పొద్దున మా ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆయన పేరు ధర్మారావు, నేను మావా అంటాను. పడవలు కట్టే మేస్త్రి. ఊరు సముద్రంలో కలిసిపోక ముందు మా తీరంలో ఆయన చెయ్యి పడని పడవ లేదు. రెండేళ్ళుగా దగ్గు తప్ప వేరే పని లేదు.

"ఊపిరితిత్తుల్లో బూజు పెరుగుతోందండి," అంది డాక్టరమ్మ. "మీ గోడలకి పట్టిన బూజే. ఒకటో అంతస్తులో ఉన్నంతకాలం మందు ఒక పక్క పనిచేస్తుంది, గోడ ఇంకో పక్క పనిచేస్తుంది. ఆరో అంతస్తు దాటితే గాలి పొడిగా ఉంటుంది. వానలు ముదిరేలోపు పైకి మారిపోండి."

"మారకపోతేనండి?"

ఆవిడ మావ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. "ఈ వానాకాలం గడవడం కష్టమండి."

ఏడో అంతస్తుకి ఎక్కాలంటే ఇంటి పరపతి అంకె 720 ఉండాలి. మా తలుపు మీద 704 అని వెలుగుతూ ఉంటుంది. పదహారు తక్కువ. పై అంతస్తుల జాబితా జూన్ 5న మూసేస్తారు, మళ్ళీ తెరిచేది సంక్రాంతి దాటాకే. అంకె మాత్రం నెలకి ఒక్కసారి, ఇరవయ్యో తారీఖున మారుతుంది. అంటే నాకు రెండే ఇరవయ్యోలు ఉన్నాయి, ఏప్రిల్‌ది ఒకటి, మే నెలది ఒకటి.

రెండో పంపు వాసన మారింది. కుడి పేజీలో రాశాను.


ఏప్రిల్ 14. నీళ్ళు: అడుగు మెట్టు. అంకె: అదే.

సెలవు రోజు. గోడలు తుడిచాను. బ్లీచింగ్ నీళ్ళలో గుడ్డ ముంచి పై నుంచి కిందకి ఒక చుట్టు, కింద నుంచి పైకి ఒక చుట్టు. మంచం వెనక గోడ మొన్న ఆదివారమే తుడిచాను, అప్పుడే నల్లగా చారలు దిగాయి. ఆ వాసన పడక మావ గుమ్మంలో కూర్చున్నాడు. అక్కడ కూర్చుంటే తలుపు ఊరుకోదు, మనిషి కదిలినప్పుడల్లా "ఏడువందల నాలుగు, శుభోదయం" అంటుంది. మధ్యాహ్నం మూడింటికి కూడా శుభోదయమే.

మాకు రెండు కార్డులు. రెండూ ఉమ్మడివే. పాతది వల కార్డు. ఈ మేడలోకి వచ్చిన ఏడాది వలలకీ ఇంజనుకీ ఇచ్చారు. నాలుగు లక్షల దాకా వాడుకోవచ్చు, అందులో లక్షా ఎనభై వేలు బాకీ ఉంది. రెండోది మందుల కార్డు, రెండేళ్ళ కిందటిది. దాని మీద అరవై వేలు వాడుకోవచ్చు, యాభై రెండు వేలు వాడేశాం. వడ్డీ కడుతున్నాం, అసలు మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవదు.

లిఫ్ట్ పక్కన కంపెనీ బోర్డు పెట్టింది. ఒక బొమ్మ పిల్ల నవ్వుతూ, "బాకీ తగ్గించండి, అంకె పెంచండి" అంటుంది. నేను ఆ బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాను. చదువుకున్నవాళ్ళు రాసిందే కదా, అబద్ధం ఎందుకవుతుంది అనుకున్నాను.

"పడవ అమ్మేద్దామే," అన్నాడు మావ గుమ్మంలోంచి.

నేనే అనాలనుకున్నాను, నోరు రాలేదు. ఆ పడవ ఆయన తన కోసం కట్టుకున్న ఒక్కగానొక్క పడవ. మూడేళ్ళుగా గట్టు బయట కట్టేసి ఉంది.

"అమ్మితే మళ్ళీ కొనలేం మావా."

"ఊపిరి లేనోడికి పడవెందుకే. వల కార్డు మొత్తం తీర్చి పారేయ్. అంకె అదే లేత్తాది."


ఏప్రిల్ 20. నీళ్ళు: అడుగు మెట్టు. అంకె: 704.

మారలేదు. ఏం చేశామని మారుతుంది.


మే 2. నీళ్ళు: రెండు మెట్లు.

పడవ పోయింది. లక్షా ఎనభై ఐదు వేలు. కొన్నవాళ్ళు పన్నెండో అంతస్తు వాళ్ళు, దాన్ని డాబా మీదకి ఎక్కించి మొక్కలు పెంచుకుంటారట. మావతో ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను. వాళ్ళ కుర్రాడే వచ్చి, "తాతా, మట్టి పోస్తే కింద చెక్క ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగాడు. మావ ఎంతో మర్యాదగా, ముందు తారు పూయమనీ, అడుగున రెండు కన్నాలు పెట్టమనీ చెప్పాడు. తను కట్టిన పడవకి తనే కన్నాలు పెట్టమని చెప్పాడు. వాళ్ళు వెళ్ళాక దగ్గు అందుకుంటే పావుగంట ఆగలేదు.


మే 6. నీళ్ళు: రెండు మెట్లు. అంకె: 704, ఇంకెన్నాళ్ళో ఉండదు.

ఇవాళ కట్టేశాను. మంచి రోజు, అందుకని వివరంగా రాసుకుంటాను.

కంపెనీ కౌంటర్ రెండో అంతస్తులో ఉంది. కౌంటర్లో కూర్చునే పిల్ల పేరు లిఖిత. పాతికేళ్ళుంటాయి. నేను డబ్బు మిషన్లో పెట్టాను. అది మింగి, "బాకీ సున్నా" అని చీటీ ఇచ్చింది.

"అయిపోయిందండి, ఇంక వెళ్ళొచ్చు," అంది లిఖిత.

"ఎక్కడయ్యిందమ్మాయ్. కార్డు మూసెయ్యి. నా కళ్ళెదురుగా కత్తిరించు."

"మూసెయ్యాలాండీ? ఉంచుకున్నా ఏం ఖర్చు లేదు కదండి. వాడకపోయినా పర్లేదు."

ఆ పిల్లకి మా సంగతి ఏం తెలుస్తుంది? మా నాన్న వేటకెళ్ళేవాడు. వలకీ డీజిలుకీ సావుకారు దగ్గర నోటు రాసేవాడు. బాకీ తీర్చిన రోజున ఆ నోటు సావుకారు చేత చింపించి, రెండు ముక్కలూ జేబులో పెట్టుకుని వచ్చి, మా అమ్మకి చూపించి పొయ్యిలో వేసేవాడు. అప్పుడే అమ్మ అన్నం వడ్డించేది. మా చిన్నాన్న ఒకసారి మొహమాటపడి, నోటు చింపించకుండా డబ్బిచ్చి వచ్చేశాడు. ఏడాది తిరిగాక సావుకారు కొడుకు అదే నోటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చిన్నాన్న రెండోసారి కట్టాడు. మా వాళ్ళలో ఇప్పటికీ బాకీ తీర్చి నోటు చింపించకుండా వచ్చినవాడిని వెర్రివాడి కిందే చూస్తారు.

"చింపించకుండా నేను కదలను," అన్నాను.

"ఒకసారి ఇంట్లో అడిగి రేపు రండి."

"ఏం, నాకు బుర్ర లేదనుకున్నావా? మూసేత్తావా, మీ ఆఫీసరుని పిలవమంటావా?"

ఆ పిల్ల నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. గోడ మీద ఉన్న కెమెరా వంక ఎందుకో ఒకసారి చూసింది. "సలహా ఇవ్వడానికి మాకు వీల్లేదండి," అని నెమ్మదిగా అని, కార్డుని మధ్యకి కత్తిరించి రెండు ముక్కలూ నా చేతిలో పెట్టింది.

ముక్కలు తెచ్చి మావకి చూపించాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. నవ్వు సగంలోనే దగ్గయిపోయింది, అయినా నవ్వాడు. మిగిలిన ఐదు వేలలోంచి తీసి చందువా చేప కొని పులుసు పెట్టాను.


మే 20. నీళ్ళు: రెండు మెట్లు. అంకె: 661.

తలుపు "ఆరువందల అరవై ఒకటి, శుభోదయం" అంది. నేను మళ్ళీ బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చాను. మళ్ళీ అదే అంది. మూడోసారి వెళ్ళబోతుంటే మావ, "ఊరుకోవే, అది కూడా మనిషైతే పాపం సిగ్గుపడేది," అన్నాడు.


మే 21. నీళ్ళు రాయలేదు. డ్యూటీ మార్చుకున్నాను.

కౌంటర్ తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను. నన్ను చూడగానే లిఖిత మొహం పాలిపోయింది. తిట్టాలనే వెళ్ళాను, తిట్టాను కూడా. నాలుగు అంతస్తుల వాళ్ళు వినేలా తిట్టాను. ఆ పిల్ల అంతా వింది.

"మీ బోర్డు మీద ఏం రాశారు? బాకీ తగ్గించండి, అంకె పెరుగుతుంది అనే కదా?"

"బాకీ తీర్చినందుకు తగ్గలేదండి. కార్డు మూసినందుకు తగ్గింది."

"రెండూ ఒకటి కాదేటి?"

"కాదండి." చీటీ వెనక్కి తిప్పి లెక్క వేసి చూపించింది. "మీకు రెండు కార్డుల మీదా కలిపి నాలుగు లక్షల అరవై వేలు వాడుకునే వీలుండేది. వల కార్డు తీర్చాక మిగిలిన బాకీ యాభై రెండు వేలే, మందులది. అంటే వందకి పదకొండు వాడినట్టు. అది చాలా మంచి లెక్కండి. వల కార్డు మూసేశాక మీకున్న వీలు అరవై వేలే. అందులో యాభై రెండు వాడేశారు. వందకి ఎనభై ఏడు. ఇల్లు గడవక వాడేస్తున్నారని మిషన్ అనుకుంటుంది. దానికి తోడు ఆ కార్డు వయసు పందొమ్మిదేళ్ళు. ఇప్పుడు మీ పేరు మీద ఉన్నదాని వయసు రెండేళ్ళే. నిన్న మొన్న అప్పులోకి దిగినవాళ్ళ కింద లెక్క."

"నేను పందొమ్మిదేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టాను."

"ఆ సాక్ష్యం కార్డుతో పాటే పోయిందండి. ఇక్కడ అలాగే."

"మూయకుండా ఉంచేసి ఉంటే?"

"అది చెప్పకూడదండి." అని, కెమెరాకి వీపు అడ్డం పెట్టి తెర నా వైపు తిప్పింది. 738 అని ఉంది.

 తర్వాత అడిగినవన్నీ చచ్చు ప్రశ్నలే. మూసింది తెరవరట. కొత్త కార్డు ఇవ్వాలంటే 680 ఉండాలట. మందుల కార్డు తీర్చేద్దామంటే చేతిలో మూడు వేలు ఉన్నాయి. పడవ అమ్మి డబ్బు తెచ్చి ఏ బాకీలో పొయ్యాలో తెలియక తప్పు గుంటలో పోశాను, పైగా దాని మీద చేప పులుసు తిన్నాను.

"మరి ఆరోజే చెప్పొచ్చు కదమ్మాయ్," అన్నాను. అప్పటికి నా గొంతు దిగిపోయింది.

"చెప్పబోయానండి. మీరు ఆఫీసరుని పిలుస్తానన్నారు." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సలహా ఇచ్చినందుకు ఇదివరకు ఇక్కడ కూర్చునే ఆవిడ అంకె వంద కోశారండి. నాకు అమ్మ ఉంది, నాలుగో అంతస్తులో."

తిట్టినందుకు క్షమించమని అడగాలి. అడగలేదు. వచ్చేశాను.


మే 24. నీళ్ళు: మూడు మెట్లు. అంకె: 661.

పంపుల ఆఫీసులో జీతం మీద అడ్వాన్సు అడిగాను. ఆఫీసరు మిషన్ చూసి, "మీకు 680 లోపల ఉందండి, కుదరదు," అన్నాడు. నేను లేకపోతే ఆయన ఆఫీసు మోకాలి లోతు నీళ్ళలో ఉంటుంది. ఆ మాట అన్నాను కూడా. "నిజమేనండి," అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా ఇవ్వలేదు.

గడపలో నిలబడితే ఎదురింటివాళ్ళు మా తలుపు వైపు చూడనట్టు చూసి పోతున్నారు. 661 అంటే కుళాయి కూడా సన్నగా వస్తుంది. బిందె నిండడానికి ఇదివరకు ఐదు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పన్నెండు. ఆ పన్నెండు నిమిషాలూ లోపల మావ దగ్గు వింటూ నిలబడతాను.

నా తప్పే. ఇంకెవరిమీదో తోద్దామని నాలుగు రోజులుగా చూస్తున్నాను. కంపెనీ మీదకి కొంత పోతుంది, బోర్డు మీదకి కొంత పోతుంది. మిగిలిందంతా నా దగ్గరికే వస్తోంది. మావ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండును.


మే 28. నీళ్ళు: మూడు మెట్లు.

పైడమ్మ వదిన కబురు పంపింది. మావకి అక్క. పదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. పదకొండేళ్ళ కింద పైకి వెళ్ళిన మనిషి మళ్ళీ మా ఇంటి దాకా దిగలేదు. నేనంటే ఆవిడకి మొదటినుంచీ పడదు, నాకు ఆవిడంటే అంతకన్నా పడదు. ఆరో అంతస్తు మెట్ల మలుపులో కలుసుకున్నాం. కింది వాళ్ళకి అంతవరకే అనుమతి.

"సింపించేవంట కదే కార్డు," అంది, ఎలా ఉన్నావని కూడా అడగకుండా.

"మా వాళ్ళ అలవాటు వదినా."

"మీ వాళ్ళ అలవాటు సావుకారు కాడ సెల్లుద్ది. ఈళ్ళ కాడ బాకీని పెంచుకోవాలే, పిల్లిని పెంచుకున్నట్టు. రోజూ కాసిన్ని పాలు పొయ్యాలి. నన్ను సూడు. ముప్పై ఒక్క ఏళ్ళ నాటి కార్డు. సెప్పులు కార్డు మీదే, ఉప్పు కార్డు మీదే. నెల తిరిగేసరికి కట్టేత్తాను, మళ్ళీ గీకుతాను. సచ్చినా మూయను. ఎనిమిదొందల రెండు నాది." ఆ అంకె చెప్పేటప్పుడు ఆవిడ మెడ కొంచెం నిటారుగా అయింది.

"నీ సంబడం ఇనడానికి పిలిచావేటి?"

"తమ్ముణ్ణి నా కాడికి పంపు."

ఆవిడ అంతా కనుక్కునే వచ్చింది. వదిన తన కార్డు మీద మావ పేరు కూడా ఎక్కిస్తుంది, తోడబుట్టినవాళ్ళ పేరైతేనే ఎక్కనిస్తారట. ఆ కార్డు వయసు ముప్పై ఒక్క ఏళ్ళూ, దాని మంచితనమూ మావకి కూడా వచ్చేస్తాయి. ఆయన అంకె ఏడువందల నలభై దాటుతుంది. పదో అంతస్తులో ఆవిడ ఇంట్లోనే ఉండిపోవచ్చు. ఒక్కటే అడ్డు. ఇంట్లో అందరిలోకీ ఎవరి అంకె తక్కువో అదే ఇంటి అంకె. మేము మొగుడూ పెళ్ళాలుగా ఉన్నంతకాలం మావ అంకెని నా 661 కిందకి లాగుతూనే ఉంటుంది. ఆయనతో పాటు వదిన అంకె కూడా పడిపోతుంది, ఆవిడా కిందకి దిగాలి.

"విడాకుల కాయితం పెట్టండి. రెండు కార్డుల మాటా నీ పేరు మీద పడేసుకో. ఆడికి ఏ సంబంధం లేదని రాసెయ్."

"ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం వదినా."

"తెలుసు. పెళ్ళికి నేనే కదే పందిట్లో తిరిగింది." అంది. "నీ మీద కోపంతో సెప్పట్లేదు రత్నం. ఆడు నాకు ఒక్కడే తమ్ముడు."

ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవడం ఇరవై తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.


మే 30. నీళ్ళు: నాలుగు మెట్లు.

మావ ఒప్పుకోలేదు. "నువ్వు లేని పదో అంతస్తులో నాకేం పని? గాలి మేత్తానా?" అన్నాడు. నేను అరిచాను. ఆయనా అరవబోయాడు, ఊపిరి అందలేదు. మంచం అంచు పట్టుకుని వంగిపోయి, నోరు తెరిచి, నా వైపే చూస్తూ గాలి కోసం లాగుతున్నాడు. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. కుదుటపడ్డాక రుమాలులో నల్లటి చుక్కలు కనిపించాయి.

"మావా, నువ్వు ఇక్కడే సచ్చిపోతే నేను ఏ మొహం పెట్టుకుని బతుకుతాను? కార్డు సింపించింది నేను. నాకోసం ఎల్లు."

చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత, "సంతకం ఎక్కడ పెట్టాలో సెప్పు," అన్నాడు.


జూన్ 3. నీళ్ళు: నాలుగు మెట్లు.

విడిపోవడం కూడా అదే కౌంటర్లో. కాగితం మీద కారణం అని ఒక గడి ఉంది. నొక్కితే వరసగా వస్తాయి. మొదటిది, అందరికీ పైన, "అంకె తేడా". కొట్లాటలు, తాగుడు, వేరే మనిషి, ఇవన్నీ తర్వాత. మా ముందు మూడు జంటలు ఉన్నాయి. ఒక జంట అయితే చేతులు పట్టుకునే నిలబడ్డారు.

లిఖిత మమ్మల్ని చూసి తల వంచుకుంది. ఈసారి నియమాలన్నీ గట్టిగా, కెమెరాకి వినపడేలా చదివింది. విడిపోయినవాళ్ళు ఒకే చోట పడుకోకూడదు. డబ్బైనా, వస్తువైనా ఇచ్చి పుచ్చుకోకూడదు. ఎక్కడైనా భార్య అని గానీ భర్త అని గానీ రాయించుకుంటే కాపురం సాగుతున్నట్టు లెక్క. రెండు అంకెలూ కలిపేసి, పైన ఉన్నవాళ్ళని కిందకి దింపేస్తారు.

"అర్థమైందాండీ?" అని అడిగింది.

"అయ్యిందమ్మా. ఆరోజు నిన్ను ఊరికే తిట్టాను," అన్నాను.

ఆ పిల్ల నా చేతి మీద తన చెయ్యి ఒక్క క్షణం ఉంచి తీసేసింది. మావ సంతకం పెట్టాడు. పడవ మీద పేరు చెక్కినట్టు ఒక్కో అక్షరం నెమ్మదిగా పెట్టాడు. వెనక ఉన్నవాళ్ళు విసుక్కున్నారు.


జూన్ 5. నీళ్ళు: నాలుగు మెట్లు.

మావ పైకి వెళ్ళిపోయాడు. జాబితా మూసేలోపు, అక్క కార్డు మీద పేరున్న కుటుంబ సభ్యుడిగా, ఇరవయ్యోకి తన అంకె వచ్చేదాకా అక్క అంకె మీదే. లుంగీలు నాలుగు, ఉలి ఒకటి, మందుల సంచి. లిఫ్ట్ నన్ను ఆరో అంతస్తులో దిగమంది. దిగాను. తలుపులు మూసుకునేటప్పుడు ఆయన ఏదో అన్నాడు, దగ్గులో వినపడలేదు.


జూన్ 20. నీళ్ళు: ఐదు మెట్లు. అంకె: 634.

వదిన కబురు పంపింది. మావ అంకె 744. నాతో ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసి, పడవ అమ్మి బాకీ తీర్చిన మనిషికి రాని అంకె, ఒకరి కార్డు మీద పేరెక్కితే పదిహేను రోజుల్లో వచ్చేసింది. నాది ఇంకా పడింది. మందుల బాకీ ఒంటరి మనిషి మీద పడితే ఇంకా బరువట.

నేనేం దొంగతనం చేశాను? తీసుకున్నది తిరిగి ఇచ్చేశాను. అంతే కదా చేసింది. ఈ లెక్క రాసినవాడు ఎవడో గానీ, వాడి ఇంటి గోడలకి బూజు పట్టాలి. అలా రాయకూడదు, అయినా రాస్తున్నాను, ఎడమ పేజీ కదా.

రెండో పంపు ఆగిపోయింది. బాగుచేశాను. మళ్ళీ ఆగింది.


జూలై 5. నీళ్ళు: ఐదు మెట్లు.

ఆదివారాలు అరగంట, ఆరో అంతస్తు మలుపులో, ఊచల తలుపుకి అటూ ఇటూ. మొదటి నెల కలవనివ్వరు, అందుకని ఇవాళే చూశాను. మావ బుగ్గలు కాస్త నిండాయి. దగ్గు ఉంది, కానీ పొడిగా, దూరం దూరంగా ఉంది. వదిన కూడా వచ్చింది, డబ్బాలో బెండకాయ వేపుడు తెచ్చింది. ఇచ్చి పుచ్చుకోవడం కుదరదు కాబట్టి ఊచల అవతలే డబ్బా మూత తీసి పట్టుకుంది. నేను ఇవతలినుంచి చెయ్యి పెట్టి తిన్నాను. గార్డు అటు తిరిగి నిలబడ్డాడు, మంచివాడు.

"ఉప్పు ఎక్కువైందేటే?" అంది వదిన.

"సరిపోయింది వదినా," అన్నాను. ఎక్కువే అయింది.


జూలై 26. నీళ్ళు: ఆరు మెట్లు. అంకె: 634.

గార్డు మారాడు. ఈయన కొత్త, కుదురుగా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

"ఎవర్ని కలవాలమ్మా?"

"పదో అంతస్తు ధర్మారావు గారిని."

"ఆయన మీకేమవుతారు?"

మావ అప్పటికే వచ్చి ఊచల వెనక నిలబడి ఉన్నాడు. వదిన కొనిపెట్టిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, కార్డు మీద కొన్నదే అయ్యుంటుంది. ఆయన నన్నే చూస్తున్నాడు. నోటి దాకా వచ్చిన మాట మింగాను.

"ఏమీ కారండి."

"ఏదో ఒకటి రాయాలమ్మా. చుట్టమా? తెలిసినవారా? బాకీ వసూలుకా?"

"ఏమీ కారని రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. పెద్ద అక్షరాలతో, నాకు తలకిందులుగా కనపడేలా, "ఏమీ కారు" అని రాసి, పక్కన నా వేలిముద్ర వేయించుకున్నాడు. ఊచల అవతలనుంచి మావ, "అబ్బో, ఏమీ కానంట! ఏటి ధైర్యం!" అని నవ్వడం మొదలుపెట్టాడు.

ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. సగంలో ఆగిపోతుందేమోనని నేను ఊచలు పట్టుకుని నిలబడ్డాను, వీపు రాయడానికి చెయ్యి దానంతట అదే లేచింది. ఆగలేదు. రెండేళ్ళ తర్వాత ఆయన నవ్వు చివరిదాకా విన్నాను. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషం ఇలా ఊచల ఇవతల నిలబడి, ఏమీ కాని మనిషినై పడవలసి వచ్చినందుకు ఒళ్ళంతా మండిపోయింది.

"అరగంటే అమ్మా," అన్నాడు గార్డు.

ఆ అరగంటలో మావ ఒక్కసారి కూడా దగ్గలేదు. కిందకి దిగి వచ్చి రెండో పంపు విప్పాను.